సముద్రం పక్కన నడిచినవాడు

నాకు అనుమానం ఎక్కువ. అది నా బుద్ధి అని అక్క అంటుంది, జబ్బు అని నాతో ఉండే ఆయన అంటాడు. నేను మాత్రం అది నాకు జీతం తెచ్చిపెట్టే విద్య అంటాను. ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో బ్యాంకు పరీక్షల పిల్లలకు రీజనింగ్ చెప్తాను. ఫలానా ఆమె తండ్రికి ఇతను ఒక్కగానొక్క అల్లుడు, అయితే ఆమెకు ఇతను ఏమవుతాడు, ఇలాంటి చుట్టరికాల చిక్కుముళ్ళు రోజూ బోర్డు మీద విప్పుతాను. నాతో ఉండే ఆయన నాకేమవుతాడన్న ప్రశ్న మాత్రం ఏ పరీక్షలోనూ రాలేదు. వచ్చినా, ఇచ్చిన నాలుగు జవాబుల్లో సరైనది ఉండదు.

ఆయన పోర్టులో క్రేన్ ఆపరేటరు. మా ఇంటి ఓనరుకి ఆయన నా రూమ్మేటు. మా అక్కకీ రూమ్మేటే. ఆయన డ్యూటీలో తోటివాళ్ళకి మాత్రం నేను ఆయన పిన్ని కొడుకుని. ఇన్ని చుట్టరికాలు మోస్తూ బతికేవాడికి అనుమానం రాకుండా ఎలా ఉంటుంది? ఒకసారి కొట్టాయన మామూలుగా, "ఇద్దరికీ ఒకటే పాల పేకెట్టు సరిపోద్దేటి?" అని అడిగాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మర్నాటి నుంచి నేను రెండు వీధులవతల కొట్లో పాలు కొన్నాను.

అందరికంటే ఎక్కువ అనుమానం మా బావ మీద. బావ అంటే అక్క భర్త. స్టీల్ ప్లాంట్‌లో రోలింగ్ మిల్లు మనిషి, యూనియన్ మనిషి. నాన్న పోయాక నన్ను చదివించింది ఆయనే. ఉక్కునగరంలో వాళ్ళ క్వార్టరే నాకు పుట్టిల్లు. చాలా ఏళ్ళు, కనపడితే చాలు, "ఏరా, పెళ్ళెప్పుడు సేసుకుంతావ్?" అనేవాడు. రెండేళ్ళ క్రితం ఆ మాట అడగడం ఆపేశాడు. మా వైపు పెళ్ళెప్పుడని అడిగేవాళ్ళకి భయపడక్కర్లేదు. అడిగి అడిగి ఉన్నట్టుండి మానేసినవాడికే భయపడాలి. వాడికేదో తెలిసిందన్నమాట. ఎంత తెలిసింది, ఎవరు చెప్పారు అన్నదే నా బుర్ర తొలిచేసేది.

ఈ ఏడాది ఆ భయానికి ఇంకో బరువు తోడైంది. నా మేనకోడలికి సంబంధం కుదిరింది. తను రుషికొండలో కంప్యూటర్ ఉద్యోగం చేస్తోంది. అబ్బాయి తరపువాళ్ళు అనకాపల్లి వైపు, పట్టింపులున్న మనుషులు. మా ఇళ్ళల్లో పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి మోసుకొచ్చేది మేనమామ. దానికి నేనొక్కణ్ణే మేనమామని. "మావయ్యా, ఇప్పట్నుంచే దండీలు తియ్యి, నాను బరువెక్కేను" అని అది ఫోన్ చేసి ఏడిపించేది. నా సంగతి బయటపడితే ఆ బుట్ట ఇంకెవరో మోస్తారు. లేదా అసలు పెళ్ళే ఆగిపోతుంది. నా వల్ల దాని పెళ్ళి ఆగిపోతే ఆ గడప నేనిక తొక్కలేను.

అలాంటి సమయంలోనే మా నడక వచ్చిపడింది.

మాదొక చిన్న గుంపు. ఆడవాళ్ళని ప్రేమించే ఆడవాళ్ళు, మగవాళ్ళని ప్రేమించే నాలాంటి మగవాళ్ళు, ట్రాన్స్ మనుషులు, అందరం కలిపి ముప్పైమందిమి ఉంటాం. పెద్ద దిక్కు ఒక ట్రాన్స్ మహిళ, అందరం అమ్మ అని పిలుస్తాం. ఏడాదికోసారి బీచ్ రోడ్డు మీద మా హక్కుల కోసం నడుస్తాం. అద్దెకి ఇల్లివ్వాలి, ఉద్యోగంలోంచి తీసెయ్యకూడదు, మాతో బతికే మనిషిని మా మనిషిగా ఒప్పుకోవాలి, ఇవే మా కోర్కెలు. పోయినేడు వరకూ నాలాంటివాళ్ళు ముఖానికి మాస్కు, నెత్తికి టోపీ పెట్టుకునే నడిచాం. ఈసారి అనుమతి కోసం వెళ్తే ఒక ఆఫీసరు, "మొహాలే కనపడనివాళ్ళకి హక్కులు ఎవరికని ఇమ్మంటారు?" అన్నాడట. వెటకారంగానే అన్నాడు. కానీ అమ్మ ఆ మాట పట్టుకుంది.

"ఆడు ఎటకారానికన్నా నిజమే అన్నాడు. ఈసారి ఎవులికీ మాస్కు నేదు. దాసుకునేవోలు ఇంటికాడే ఉండండి, నానేటీ అనుకోను," అంది.

మాలాంటి జంటల పెళ్ళి సంగతి తాము తేల్చలేమని ఢిల్లీలో పెద్ద కోర్టు అనేసిన రోజున మా పోర్టాయన అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోవడం నాకు గుర్తుంది. ఆ రోజు నేను చాలా ఏడ్చాను. కోపం కూడా వచ్చింది. ఆ కోపమే ఇప్పుడు పైకొచ్చి, మాస్కు లేకుండా నడుస్తానని చెప్పించింది. ఇంటికొచ్చి ఆయనతో చెప్తే, "నాను రానేను. ఆ పొద్దుట డ్యూటీ ఉంది," అన్నాడు. నేను బలవంతపెట్టలేదు.

ఇప్పుడు పడవతని సంగతి చెప్పాలి. నడకకి నెలరోజుల ముందు గుంపులోకి కొత్తగా వచ్చాడు. సముద్రం మీద వేటకెళ్ళే మనిషి, నా ఈడువాడే. మా గుంపులో రాయని చట్టం ఒకటుంది. ఎవరూ ఎవరి ఊరు, ఇంటిపేరు, ఉద్యోగం అడగకూడదు. చెప్తే వినాలి, అంతే. ఇతను వచ్చిన రోజునే నా పక్కన కూర్చుని, "మేస్టారూ, మీదేవూరు? ఎవులి తాలూకు? ఇక్కడ సుట్టాలెవులున్నారు?" అని వరసపెట్టి అడిగాడు. మా జిల్లాల్లో పరిచయమంటే ఇదే, రైల్లో పక్కసీటువాడు కూడా ఇలాగే అడుగుతాడు. అయినా నాకు చెమటలు పట్టాయి. నోరు జారి, మా అక్కావాళ్ళు ఉక్కునగరంలో ఉంటారని బావ పేరుతో సహా చెప్పేశాను. అతను ముఖమంతా నవ్వి, "మీ బావగారు యూనియనాయన కదేటి? ప్లాంటు అమ్మొద్దన్న శిబిరం కాడ మైకులో మాటాడగా ఇన్నాను," అన్నాడు.

అంతే, ఇతనే వేగు అని తేల్చేశాను. నా అనుమానాన్ని రుజువు చేసుకోడానికి రీజనింగ్ మాస్టారి ఎత్తు ఒకటి వేశాను. నడక మొదలయ్యేది కాళీమాత గుడి దగ్గర. అందరికీ అదే తెలుసు. పడవతనికి కబురు చెప్పే పని నేనే తీసుకుని, అతనొక్కడికి మాత్రం ఒడ్డున మ్యూజియంగా పెట్టిన సబ్‌మెరైన్ దగ్గర అని చెప్పాను. మా ఇంటివాళ్ళెవరైనా సబ్‌మెరైన్ వైపునుంచి ఊడిపడితే కబురు మోసింది ఇతనేనని తేలిపోతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆదివారం పొద్దున్నే నడక మొదలైంది. బీచ్ రోడ్డు మీద ఆ వేళకి బళ్ళు రానివ్వరు, వాకింగు వాళ్ళే ఉంటారు. ఏళ్ళనాటి మాస్కు అలవాటు పోయి, ముఖానికి ఉప్పుగాలి తగులుతుంటే ఒంటిమీద బట్టలు లేనట్టనిపించింది. ముందు వరసలో మా రంగురంగుల జెండా, అడ్డంగా చాపి, కొసలు పట్టుకుని నడుస్తున్నారు. దాని వెనకే నేను. "మా ప్రేమ మా హక్కు" అని అమ్మ అరిస్తే అందరం అందుకుంటున్నాం. నా గొంతు మొదట్లో లేవలేదు. ఒక ముసలాయన ఆగి, "ఏ పార్టీదమ్మా ఈ జెండా?" అని అడిగాడు. "అన్ని పార్టీలోలూ ఉన్నారు బాబూ మాలో, పైకి సెప్పరంతే," అంది అమ్మ. నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వుతో గొంతు లేచింది.

అంతలో వెనకనుంచి పరుగెడుతున్న చెప్పుల చప్పుడు. తిరిగి చూస్తే పడవతను. అతని పక్కనే, చొక్కా తడిసి, రొప్పుతూ, మా బావ.

"ఏటి మేస్టారూ, మీరు సెప్పిన కాడ ఒక్క పురుగూ నేదు!" అని పడవతను నవ్వుతున్నాడు. వేగు దొరికాడు, కానీ దొరికింది నేనే. బావ నావైపు చూడలేదు. చెయ్యి పట్టుకుని ఈడ్చుకుపోతాడనుకున్నాను. నలుగురి ముందూ చెంప పగలగొడతాడనుకున్నాను. ఆయన గబగబా నన్ను దాటి ముందుకెళ్ళి, సముద్రం వైపు జెండా కొస పట్టుకున్న అమ్మాయి చేతిలోంచి ఆ కొస తీసుకున్నాడు. జెండా పైకెత్తి పట్టుకుని నడవడం మొదలెట్టాడు. ఒక్క నినాదమూ ఇవ్వలేదు. నేను కొంచెం ఎడంగా జరిగితే ఆయనా జరిగాడు. ఫోటోలవాళ్ళు వచ్చినప్పుడల్లా సరిగ్గా నాకడ్డంగా వచ్చాడు. ఆరడుగుల మనిషి, దానికి తోడు చేతిలో జెండా. నాకేమీ కనపడలేదు, నేనెవరికీ కనపడలేదు. నడక అయిపోగానే కొస అమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

మర్నాడు పేపర్లో సిటీ పేజీలో ఫోటో వచ్చింది. జెండా, అమ్మ, జెండా పట్టుకుని గంభీరంగా మా బావ. వెనకాల నాదని నేను మాత్రమే గుర్తుపట్టగలిగే ఒక మోచెయ్యి. కింద మా హక్కుల నడక అని స్పష్టంగా రాశారు. అక్క ఫోన్ చేసి, "తమ్ముడూ, మీ బావకేటైందిరా? కోలనీ అంతా అడ్డగోలుగా అడుగుతన్నారు," అని ఏడ్చింది. పెళ్ళివారికి కూడా ఆ పేపరు చేరిందట. మాట్లాడ్డానికి వస్తున్నారట.

నేను ఉక్కునగరం వెళ్ళాను. దారంతా ఒకటే నిశ్చయం. ఆ నడక నాది, బావ నాకోసం వచ్చాడు, ఉన్నమాట పెళ్ళివారి ముందు చెప్పేయాలి. పెళ్ళికొడుకు తండ్రి కాఫీ కప్పు కింద పెట్టి, "ఏటి బావగారూ, పేపర్లో ఆ ఫోటో ఏటి? మావోలంతా ఒకటే గొడవ," అన్నాడు. నేను నోరు తెరిచాను. బావ నన్ను మాట్లాడనివ్వలేదు, పెద్దగా నవ్వేశాడు.

"ఓలమ్మో, అదా! పనుండి ఊర్లోకెల్లేనండీ. బీచి కాడ అన్ని రంగుల జెండా కనపడింది. మన ప్లాంటు కోసం అఖిలపక్షమోలు నడుత్తన్నారనుకున్నాను. అలవాటైన సెయ్యి కదండీ, ఎల్లి కొస పట్టీసేను. పేపర్లో సదివేక తెలిసింది నాకు!"

ఈ ఊళ్ళో ఆ పొరపాటు ఎవరైనా నమ్ముతారు. ప్లాంటు అమ్మొద్దని శిబిరం వేసిన నాటినుంచి ఎర్రజెండా, పచ్చజెండా, నీలిజెండా అన్నీ ఒక్క తాడుకే కట్టి ఊరేగుతున్నాం. అన్ని రంగులూ ఒకచోట కనిపిస్తే అది స్టీల్ ప్లాంట్ కోసమే అనుకోవడం మాకు రక్తంలోకి ఎక్కిపోయింది. పెళ్ళికొడుకు తండ్రి పొట్ట పట్టుకుని నవ్వాడు. అక్క నవ్వింది. అనుమానమంతా ఆవిరైపోయింది. లగ్నం మాట్లాడుకున్నారు. కోలనీలో కుర్రకారు ఆయన్ని కొన్నాళ్ళు, "బాబాయ్, ఇది ఏ జెండాయో సెప్పు?" అని ఏడిపించారని తర్వాత విన్నాను.

నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పడవతనితో కలిసి సబ్‌మెరైన్ వైపునుంచి పరుగెత్తుకొచ్చిన మనిషికి అది ఎవరి నడకో తెలియకపోవడమేమిటి? నన్ను లాక్కుపోడానికే వచ్చాడు, కెమేరాలు చూసి ఇరుక్కుపోయాడు, ఇప్పుడు పరువు కోసం అబద్ధమాడుతున్నాడు. పొరపాటున పట్టుకున్నానంటాడా? మా జెండా పట్టుకోవడం అంత నవ్వులాటా? ఇలా లెక్క తేల్చుకుని, కబురు మోసినవాడి సంగతి కూడా తేల్చేద్దామని ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళాను.

పడవతను వల బాగుచేసుకుంటున్నాడు. "మా బావకి నువ్వే చెప్పావు కదా?" అన్నాను.

"సెప్పేను," అన్నాడు తల ఎత్తకుండానే. "దాయడానికేటుంది? నడకకి ముందు శిబిరంలో మా వేట సంఘమోలం కూకున్నాం. మీకోసం మేమొచ్చేం, మాలాంటోల నడకకి మీరూ రండని మైకులోనే పిలిసేను. అందరూ నవ్వేసేరు. మీటింగయ్యేక మీ బావగారొక్కడే నా కాడికొచ్చేడు. 'మీలో కళ్ళజోడు మేస్టారొకడుంతాడు, ఆడు మావోడే. రెండేళ్ళ కితం పేపరు ఫోటోలో మాస్కున్నా పోల్చీసేను. ఈసారి ఆడు మాస్కేసుకుంతాడా?' అనడిగేడు. ఎవులూ ఏసుకోరన్నాను. ఎల్లిపోయి మల్లీ ఎనక్కొచ్చి, 'ఫోటోలోలు ఏ పక్కనుంచి తీత్తారు?' అనడిగేడు."

"నువ్వేం చెప్పావు?"

"పొద్దుట సూరీడు సముద్రమ్మీదుంతాడు కదేటి మేస్టారూ. ఎండ ఈపుకెట్టుకుని సముద్రం పక్కనుంచే తీత్తారన్నాను. ఆ పొద్దుట నాకన్నా ముందే వచ్చి సబ్‌మెరైన్ కాడ నిలబడ్డాడు. ఎవులూ నేరని తెలిసేక ఆ వయసులో ఆయన ఉరికిన ఉరుకు సూడాల."

నేను వలల పక్కనే కూలబడ్డాను. అతను ఎందుకని అడగలేదు. మంచినీళ్ళ సీసా ఇచ్చి తన పని చేసుకున్నాడు. అంత అడిగేవాడు ఆ ఒక్కటీ అడగనందుకు అతనంటే నాకు మొదటిసారి ఇష్టం కలిగింది.

బావ మీద ప్రేమ పొంగింది, అబద్ధం చెప్పను. దాని వెనకే కోపమూ వచ్చింది. నన్ను దాచమని ఎవరడిగారు? ఇన్నేళ్ళకి ఒక్క పొద్దున మొహం చూపించాలని వెళ్తే, ఆ మొహానికి అడ్డం నిలబడే హక్కు ఈయనకెవరిచ్చారు?

పెళ్ళి పనుల కోసం మళ్ళీ వెళ్ళిన రోజున, సాయంత్రం నన్ను స్కూటర్ మీద కూర్మన్నపాలెం జంక్షన్‌లో దింపాడు బావ. ఊళ్ళోకి వెళ్ళే కాంప్లెక్స్ బస్సు ఇంకా రాలేదు.

"నువ్వు పొరపాటున రాలేదు బావా," అన్నాను.

ఆయన స్కూటర్ స్టాండు వేసి, రోడ్డు వైపు చూస్తూ, "పడవోడు సెప్పీసేడేటి?" అన్నాడు.

"నన్నెందుకు దాచావు?"

"దాయక? పిల్ల పెళ్ళి. నీ ఉద్యోగం. ఎవుడో రాయి ఇసిరితే నాను బతికుండి ఏటి సెయ్యను?"

"నేను కనపడ్డానికే వెళ్ళాను. ఆ శిబిరంలో ఎప్పుడైనా మాస్కులేసుకుని కూర్చున్నారా మీరు?"

మైకు దొరికితే వదలని మనిషి, జేబు రుమాలు తీసి మెడ తుడుచుకుని, "నేదు," అన్నాడు.

"దాని పెళ్ళయ్యేదాకా నోరు మూసుకుంటాను. అది దానికోసం. కానీ వచ్చే ఏడు మళ్ళీ నడుస్తాం. నువ్వొస్తే నా పక్కన నడు బావా, ముందు నడవకు."

ఆయన సరే అనలేదు, కాదనీ అనలేదు. "బుట్ట మాత్రం నువ్వే మొయ్యాల. ఎవులికి ఏటి తెలిసినా సరే, అది మారదు. మీ అక్కకీ అదే సెప్పేను," అన్నాడు. అంటే అక్కకీ తెలుసన్నమాట. నిజంగా నిలబడతాడా, నడిరోడ్డు మీద మాటవరసకి అన్నాడా అని నా పాత అనుమానం ఆ క్షణంలో కూడా ఊరుకోలేదు.

బస్సు వచ్చింది. నేను ఎక్కి, కిటికీ దగ్గర కూర్చున్నాను. బావ కిటికీ కిందికొచ్చి, చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"ఒరే, ఒచ్చే ఏడు ఆ పోర్టాయన్ని కూడా తీసుకురా. మొన్న ఇసక పక్కన టీ బడ్డీ ఎనకాల దాక్కుని, మెడ సాపి సాపి నీకోసమే సూత్తన్నాడు పాపం. ఆయనకీ నువ్వు కనపడకుండా సేసీసేను. అదొక్కటే నాకు బాదగుంది."

బస్సు కదిలింది. నాతో ఉండే ఆయన ఆ పొద్దుట డ్యూటీకే వెళ్ళాడని నేను నమ్మాను. వచ్చాడని నాకు అప్పటిదాకా తెలియదు.